కెమెరా సరే, నెగెటివ్‌ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం పేరిట పాత కెమెరాల బొమ్మలతో ఒక పేజీ నింపడం మన పత్రికలకు ఆనవాయితీగా మారింది. 1839లో అదే తేదీన ఫ్రెంచి ప్రభుత్వం డాగ్యురే కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడించిన సంగతితో మొదలై, తాత వాడిన కెమెరాను అద్దాల బీరువాలో అలంకరించి దాని పక్కన నిలబడిన మనవడి ఫొటోతో ముగిసే ఆ కథనాలను నేనూ ఇష్టంగానే చదువుతాను. కానీ ఆ కెమెరాతో ఆ పెద్దాయన తీసిన ఫొటోలు ఏమయ్యాయి, ఆ ఫొటోలను అచ్చు తీసిన మూల ఫిల్ములు, అంటే నెగెటివ్‌లు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి అని అడిగిన కథనం మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు. తల్లిదండ్రుల కెమెరా వారసత్వంగా చేతికి వచ్చిన కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఉంటాయి గనుక, అలాంటి ఒక కుటుంబానికి చెందినదానిగా, రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయినిగా ఈ విషయంపై కొంత వివరంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

మా నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారం నిర్మాణ కాలంలో సర్వే పనుల్లో ఉండేవారు. 1979లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల ఆ రోజుల్లో రష్యన్ ఇంజనీర్లు కుటుంబాలతో సహా విశాఖలో ఉండేవారు. స్వదేశానికి తిరిగి వెళ్లే ముందు వారు తమ సామాను కొంత ఇక్కడివారికి అమ్మేసేవారు. మా ఇంటికి జెనిట్-ఇ కెమెరా వచ్చింది అలాగే. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారం 1965 నుంచి లక్షల సంఖ్యలో తయారుచేసిన రకం అది. మాది 1980 మాస్కో ఒలింపిక్స్ ముద్ర ఉన్నది. లెన్సుతో కలిపి కిలోకు కాస్త తక్కువ తూగే ఆ ఇనుప ముద్దకు బ్యాటరీతో పని లేదు. వెలుతురు కొలిచే మీటరు, వెలుతురు పడితే కరెంటు పుట్టించే సెలీనియం పలకతో నడుస్తుంది. వెలుతురును లోపలికి వదిలే తలుపు వంటి షట్టరు వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు వరకు ఐదే ఐదు. ఫిల్ము వేగాన్ని, అంటే అది వెలుతురుకు ఎంత చురుగ్గా స్పందిస్తుందో ఆ కొలతను, మనకు అలవాటైన ఏఎస్‌ఏ అంకెల్లో కాక సోవియట్ వారి గోస్ట్ అంకెల్లో పెట్టవలసి ఉండేది కాబట్టి, రెండింటి పట్టికనూ నాన్నగారు ఒక అట్ట ముక్క మీద రాసి కెమెరా తోలు సంచిలో ఉంచుకునేవారు. సముద్రతీరంలో మిట్టమధ్యాహ్నం ఎండకు మీటరు కూడా చూసేవారు కాదు. ఎపర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం కొలత) 16, షట్టరు 125 పెట్టి, 100 వేగం ఫిల్ముకు ఇంతకు మించి లెక్క అక్కర్లేదనేవారు. ఆ లెక్క ఇవాళ్టికీ అంతే సరైనది.

ఆయన పోయిన తరువాత ఇంట్లో సామాను పంచుకుంటున్నప్పుడు కెమెరా కావాలని అడగని వారు లేరు. తమ్ముడు హాల్లో అలంకారానికి కావాలన్నాడు. మేనల్లుడికి కావలసింది కెమెరా కాదు, దాని హీలియోస్ లెన్సు మాత్రమే. ఆ లెన్సును ఒక చిన్న అడాప్టరుతో ఇప్పటి డిజిటల్ కెమెరాలకు బిగించుకోవచ్చుననీ, వెనకనున్న ఆకులు, దీపాలు సుడి తిరిగినట్టు పడతాయనీ, అందుకు కుర్రకారులో గిరాకీ ఉందనీ వాడే చెప్పాడు. అందులో తప్పేమీ లేదు, లెన్సు అన్నది వాడుకోవడానికే పుట్టింది. నాకు ఆశ్చర్యం కలిగించినది వేరు. అదే బీరువా కింది అరలో, ఒక బిస్కెట్ల రేకు డబ్బాలోనూ రెండు చెప్పుల అట్టపెట్టెల్లోనూ ఉన్న నెగెటివ్‌లను నాకు కావాలని ఎవరూ అడగలేదు. పాత కాగితాలవాడికి వేయాల్సిన వాటిలో పెట్టారు. అవి నా వాటాకు వచ్చాయనడం కన్నా, ఎవరికీ అక్కర్లేక నా దగ్గర మిగిలాయనడం నిజం.

మొదట కెమెరా గురించి నాలుగు మాటలు చెబుతాను, ఎందుకంటే భక్తి కొద్దీ మనవాళ్లు చేసే పనులే దానికి ఎక్కువ కీడు చేస్తున్నాయి. నాన్నగారి గుర్తుగా కెమెరాను ఆయన వాడిన తోలు సంచిలోనే ఉంచి బీరువాలో తాళం వేయడం అన్నింటికన్నా హానికరం. తోలు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఆ తేమకు చీకటి తోడైతే లెన్సు గాజు మీద బూజు సాలెగూడులా పాకుతుంది, అది విడిచే ఆమ్లం గాజు పైపూతను, ఆ తరువాత గాజునే తినేస్తుంది. బూజును తుడిచేయవచ్చు గానీ అది చెక్కిన గీతలను తుడవలేము. సంచిని వేరుగా గాలి తగిలేచోట దాచి, కెమెరాను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, నీలం నుంచి గులాబీ రంగుకు మారిన పొట్లాలను అప్పుడప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకుంటే చాలు, ఖరీదైన పెట్టెలు అవసరం లేదు. నెలకొకసారి అన్ని వేగాల మీదా షట్టరు నొక్కాలి. కదలిక లేని యంత్రంలో నూనె చిక్కబడి, నెమ్మది వేగాలు మరింత నెమ్మదిస్తాయి. వెనక మూత అంచుల్లోని నల్లటి నురుగు పట్టీ జిగురుగా మారి ఉంటే దాన్ని తీసేసి కొత్తది అంటించాలి, లేకుంటే వెలుతురు లోపలికి కారి ఫొటోల మీద చారలు పడతాయి.

జెనిట్ వంటి వాటికి బ్యాటరీ బెడద లేదు గానీ, 1960లు, 70లలో గల్ఫ్ నుంచీ సింగపూరు నుంచీ వచ్చిన జపాను కెమెరాలలో చాలావాటికి పాదరసం బ్యాటరీలు వేసేవారు. అవి ఇప్పుడు తయారు కావడం లేదు. వాటి స్థానంలో మామూలు ఆల్కలైన్ బ్యాటరీ వేస్తే 1.35 వోల్టులకు బదులు 1.5 వోల్టులు అంది, కొన్ని కెమెరాల మీటరు తప్పు చెబుతుంది. ఫొటోలు సరిగ్గా రాకపోతే కెమెరా చెడిపోయిందని అనుకుని పారేసేవారు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే ఎన్నో కెమెరాలు బతికి బయటపడతాయి.

ఇంకొక హెచ్చరిక మరీ ముఖ్యమైనది. పెద్దవాళ్ల కెమెరా చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని వెనక మూత తెరిచి చూడడం. దయచేసి తెరవకండి. లోపల సగం వాడిన రీలు ఉండవచ్చు. ముందు రీలును వెనక్కి చుట్టే మీటను మెల్లగా తిప్పి చూడండి. బిగుతుగా తగిలితే లోపల ఫిల్ము ఉన్నట్టే. ఏళ్ల తరబడి కడగకుండా ఉండిపోయిన నలుపు తెలుపు రీలు నుంచి కూడా బొమ్మలు వస్తాయి. పొగమంచు పట్టినట్టు మసకగా రావచ్చు, కానీ వస్తాయి. రంగుల రీలు అయితే రంగుల ఆశ వదులుకుని నలుపు తెలుపు రసాయనాల్లో కడిగించుకోవడమే ఉత్తమం. మా జెనిట్‌లోనూ అలాంటి రీలు ఒకటి ఉండిపోయింది. బాగుచేయమని ఇచ్చిన దుకాణంలో, లోపల ఫిల్ము ఉందని చెప్పినా వినిపించుకోకుండా, పట్టపగటి వెలుతురులో మూత తీసి ఆ రీలును బయటికి లాగారు. నాన్నగారు చివరిసారి ఏం చూసి మీట నొక్కారో మాకు తెలిసే దారి అంతటితో మూసుకుపోయింది. ఆ దుకాణాన్ని నిందించడానికి ఇది రాయడం లేదు. ఫిల్మును ఎన్నడూ చేతబట్టని తరం ఇవాళ దుకాణాల్లో పనిచేస్తోంది. వాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు. అందుకే కెమెరాను మరొకరి చేతికి ఇవ్వకముందే వారసులే ఈ జాగ్రత్త తీసుకోవాలి.

ఇక అసలు విషయానికి వస్తాను.

1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయనీ, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారనీ, ‘గోదావరి’ అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగిందనీ, 1992లో పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారనీ మన పిల్లలు పుస్తకాల్లో చదువుకుంటారు. శంకుస్థాపన ఫొటోలు, అంకితోత్సవం ఫొటోలు మీ కార్యాలయాల్లోనూ ఉంటాయి. అయితే ఆ కర్మాగారం కోసం 64 గ్రామాలవారు ఇళ్లూ పొలాలూ వదులుకుని గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి ప్రాంతాల్లోని నిర్వాసిత కాలనీలకు తరలిపోయారు. ఆ ఊళ్లలోని రామకోవెల ఎలా ఉండేది, రచ్చబండ దగ్గర ఏ చెట్టు ఉండేది, తాటిచెట్ల మధ్య నుంచి నూతికి వెళ్లే దారి ఎటు తిరిగేది అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఏముంది? ఊరు లేదు, ఇల్లు లేదు, రెవెన్యూ రికార్డులో సర్వే నంబరు మాత్రం ఉంది. కొలతలు తీయడానికి వెళ్లిన మా నాన్నగారు కొలతలతోపాటు ఫొటోలూ తీశారు. ఉద్యోగ ధర్మంగా కాదు, తన సొంత రీళ్లతో, సొంత డబ్బుతో. పెంకులు దించేసిన ఇంటి గోడల మధ్య పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మ, గడపను ఊడదీసి ఎడ్లబండి మీద కొత్త చోటికి తీసుకుపోతున్న అన్నదమ్ములు, ఖాళీ అయిన బడిలో నల్లబల్ల మీద ఇంకా చెరగని ఎక్కాలు, ఇవి ఆ చెప్పుల పెట్టెల్లో ఉన్నాయి.

వీటికి విలువ తెచ్చినది ఆయన చేతివ్రాత. ప్రతి రీలును ఆరేసి ముక్కలుగా కత్తిరించి, కాగితపు కవరులో పెట్టి, కవరు మీద ఊరి పేరు, తేదీ, కనిపిస్తున్న మనిషి ఫలానావారి అల్లుడని, ఫలానా వీధివారని పెన్సిలుతో రాసి ఉంచారు. ఆ నాలుగు మాటలు లేని నెగెటివ్ ఎంత స్పష్టంగా ఉన్నా, ఎవరో ఒకామె, ఏదో ఒక ఊరు అన్నదానికి మించి ఏమీ చెప్పదు. అందుచేత తల్లిదండ్రులు బతికుండగానే, వారి జ్ఞాపకం నిలకడగా ఉండగానే, కెమెరా ఎవరికి అన్న చర్చ పక్కన పెట్టి, నెగెటివ్‌లూ పాత ఆల్బములూ ముందేసుకుని కూర్చుని పేర్లు రాయించుకోమని మీ పాఠకులను కోరుతున్నాను. బాల్ పెన్నుతో ఫొటో వెనక నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలుతాయి. మెత్తని పెన్సిలు మంచిది.

నెగెటివ్‌లు తమంతట తామే నిలిచి ఉండవు. ఆ కాలపు ఫిల్ముకు ఆధారం చాలావరకు సెల్యులోజ్ ఎసిటేట్. వేడికీ తేమకీ అది విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని విడుస్తుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టిందంటే ఆ క్రియ మొదలైందని అర్థం. అది ఒక రీలుతో ఆగదు, ఆ ఆవిరి పక్కనున్న రీళ్లలోనూ అదే క్రియను రాజేస్తుంది. అందుకని వాసన వచ్చేవాటిని వెంటనే వేరుచేసి ముందుగా నకళ్లు తీయించాలి. నెగెటివ్‌లను పెట్టడానికి మన ఇళ్లలో అందరూ ఎంచుకునే అటక, వేసవిలో ఇంట్లోకెల్లా వేడెక్కే చోటు. దానికన్నా పడకగది బీరువా మధ్య అర నయం. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసే అలవాటు బట్టలకు సరే, ఫిల్ము దగ్గరికి వాటిని రానివ్వకూడదు. రబ్బరు బ్యాండ్లు, పీవీసీ కవర్లు, జిగురు పేజీల ఆల్బములు కూడా అంతే. మామూలు ఆమ్లరహిత కాగితపు కవర్లు చాలు. ఉన్న కవర్లు పాడైనా వాటి మీద రాత ఉంటే పారేయకుండా వేరుగా దాచాలి.

నాన్నగారు రీళ్లు ఇంట్లోనే కడిగేవారు. డెవలపరు, అంటే ఫిల్ము మీద బొమ్మను తేల్చే రసాయనం, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. విశాఖ వేసవిలో కుళాయి నీరు అంతకు పది డిగ్రీలు పైనే ఉంటుంది కాబట్టి, ట్రే చుట్టూ ఐసు ముక్కలు పేర్చి, వంటింటి కిటికీకి దుప్పటి కట్టి రాత్రిపూట పనిచేసేవారు. మంచినీళ్లకు కటకటగా ఉన్న ఏడాది కడిగిన రీళ్లను ఇప్పటికీ చూడగానే గుర్తుపట్టవచ్చు. హైపో (బొమ్మను స్థిరపరిచే రసాయనం) పూర్తిగా వదిలేదాకా కడగడానికి నీళ్లు చాలక, వాటి మీద పసుపు మరకలు తేలాయి. అవే పెట్టెల్లో తూర్పు జర్మనీ నుంచి వచ్చిన ఓర్వో రీళ్లూ, మన ఊటీలో తయారైన ‘ఇందు’ రీళ్లూ ఉన్నాయి. 1960లో ప్రభుత్వ రంగంలో ఏర్పడి 1967లో ఉత్పత్తి మొదలుపెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఇప్పుడు మూతబడింది గానీ, దాని ఫిల్ము మీద పడిన ముఖాలు మాత్రం నిన్న తీసినట్టే ఉన్నాయి. స్వదేశీ సరుకు నిలవదని ఆ రోజుల్లో చులకన చేసినవారికి చెప్పాలనిపిస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు పైకప్పు రేకులు లేచిపోయిన ఇళ్లలో ఆల్బములు, నెగెటివ్‌లు వాననీటిలో నానిపోయాయి. చాలామంది వాటిని ఎండలో ఆరబెట్టారు. ఆరుతున్నకొద్దీ బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర ఒకదానికొకటి అతుక్కుని, విడదీయబోతే బొమ్మ ఊడివచ్చింది. తడిసిన నెగెటివ్‌లను ఆరనివ్వకుండా శుభ్రమైన చల్లటి నీటిలోనే ఉంచి, నీటిలోనే మెల్లగా విడదీసి, ఒక్కొక్కటిగా క్లిప్పుకు వేలాడదీసి నీడలో ఆరబెట్టాలి. రెండు రోజుల్లోగా ఆ పని జరగదనుకుంటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజరులో గడ్డకట్టించడం మేలు. తుపానులు మనకు కొత్త కావు, మళ్లీ వస్తాయి. తుపాను ముందు జాగ్రత్తల పేరిట మీరు ప్రచురించే సూచనల్లో పొలం పట్టా, రేషన్ కార్డులతోపాటు దీనికీ ఒక వాక్యం చోటివ్వవచ్చు.

తుపాను కన్నా ఎక్కువ నెగెటివ్‌లను నాశనం చేసినది వెండి. నలుపు తెలుపు నెగెటివ్‌లో బొమ్మ అంటే వెండి రేణువులే. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనేవారే స్టూడియోల నుంచి పాత నెగెటివ్‌లనూ తూకానికి కొని, వెండి రాబట్టుకునేవారు. ఊళ్లోని పెళ్లిళ్లు, బారసాలలు, బడి గ్రూపు ఫొటోలు, పోయినవారికి దండ వేయడానికి తీయించిన చివరి ఫొటోలు, ఒక తాలూకా మనుషులందరి ముఖాలూ అలా కరిగి కొన్ని గ్రాముల లోహమయ్యాయి. స్టూడియోలవారిని తప్పుపట్టడానికి నోరు రాదు. రీళ్లను యంత్రాలతో కడిగి అచ్చువేసే మినీల్యాబులు వచ్చి ఒకసారి, సెల్‌ఫోన్లు వచ్చి మరొకసారి వారి బతుకుతెరువు పోయింది. అద్దె గదిలో పెట్టెల కొద్దీ నెగెటివ్‌లు ఎంతకాలమని మోస్తారు? ఇక రంగుల నెగెటివ్‌లో కడిగిన తరువాత మిగిలేది రంగు అద్దకమే గానీ వెండి కాదు. పాత సామానువాడికి అది ఎందుకూ పనికిరాదు. ఇది తెలియక అమ్మేవాళ్లూ, తెలియక కొనేవాళ్లూ కూడా ఉన్నారు.

కుటుంబాలు తమ వంతు చేసినా, ఒక తరం దాటాక వీటికి గూడు ఇవ్వవలసినది ప్రజాసంస్థలే. దీనికి మన దగ్గరే పూర్వోదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీనదయాళ్ నెగెటివ్‌లు వారసుల దగ్గర మిగిలి ఉండగా, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. నిజాం వేటలు, విందులు, రాజభవనాలు అందువల్ల మనకు దక్కాయి. రాజుగారి ఫొటోలకు దొరికిన ఆదరణ గాజువాక ముసలమ్మ ఫొటోకు ఎందుకు దొరకకూడదు? ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయం, రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలు, ఫొటోగ్రఫీని పట్టభద్ర స్థాయిలో బోధిస్తున్న హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వంటివి పూనుకుంటే ఇది కష్టమైన పని కాదు. చల్లని, పొడి గది ఒకటి, ఒక మంచి స్కానరు, వేసవి సెలవుల్లో పనిచేసే విద్యార్థులు చాలు. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను 2,400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు) వద్ద స్కాన్ చేస్తే దాదాపు 77 లక్షల పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. పుస్తకం పేజీ నిండా అచ్చు వేసుకోవడానికి అది సరిపోతుంది. స్కాన్ అయిపోయింది కదా అని అసలును పారేయకూడదని మాత్రం ముందే నియమం పెట్టుకోవాలి. ఈ ముప్పై ఏళ్లలో ఎన్ని రకాల ఫ్లాపీలు, సీడీలు తెరుచుకోకుండా పోయాయో అందరికీ తెలుసు. నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే చాలు.

ఇవ్వడానికి కుటుంబాలు వెనుకాడే కారణాల్లో హక్కుల భయం ఒకటి. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తరువాత ఫొటోలకు కూడా తీసినవారి జీవితకాలం, ఆపై మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ హక్కు వారసులకు వస్తుంది. నెగెటివ్‌ను ఒక సంస్థకు అప్పగించినంత మాత్రాన హక్కు బదిలీ కాదు, అందుకు లిఖితపూర్వకమైన పత్రం ఉండాలి. స్టూడియోల విషయంలో చట్టం మరో తీరుగా ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కనుక స్టూడియో పెట్టెలను తీసుకునే సంస్థ వాటిని పరిశోధనకు చూపించడానికీ, బజారులో అమ్మడానికీ ఉన్న తేడాను ముందే రాసుకోవడం అవసరం. నిర్వాసితుల ఫొటోల విషయంలో చట్టం చెప్పేదానికి మించి మర్యాద కూడా ఒకటి ఉంది. ఫొటోలో ఉన్నవారి పిల్లలు ఇప్పుడు మన మధ్యనే ఉన్నారు. ముందు చూడవలసినది వారు. నేను స్కాన్ చేయించిన కొన్నింటిని అగనంపూడి వైపు ఒక కాలనీకి తీసుకువెళితే, కవరు మీద నాన్నగారు రాయని పేర్లు అక్కడివారు చెప్పారు, ఆయన తప్పుగా రాసిన రెండు ఊళ్ల పేర్లు సరిదిద్దారు కూడా.

కెమెరా ఏమైందని పాఠకులు అడగవచ్చు. అది మేనల్లుడి దగ్గర ఉంది, లెన్సుతో సహా. రీలు ధర, కడిగించే ఖర్చు, స్కానింగు కలిపితే ఒక్కొక్క ఫొటోకు పదుల రూపాయలు పడుతున్నా, మామూలు ల్యాబులు మూతబడి రీళ్లను దూరపు నగరాలకు కొరియరులో పంపవలసి వస్తున్నా, వాడు దానితో ఫొటోలు తీస్తున్నాడు. విమానంలో వెళ్లేటప్పుడు కొత్త రకం స్కానర్లలో పెడితే ఫిల్ము మసకబారుతుందని, చేత్తో తనిఖీ చేయమని అడుగుతుంటాడు. అద్దాల బీరువాలో ఉన్నదానికన్నా ఇదే నాకు నచ్చింది. షరతు ఒక్కటే పెట్టాను. కడిగిన ప్రతి రీలునూ కవరులో పెట్టి, చోటు, తేదీ, మనిషి పేరు రాయాలి.

సంపాదకులకు చివరిగా రెండు వినతులు. వచ్చే ఆగస్టు 19న మీ జిల్లా సంచికల్లో పాత కెమెరాల ఫొటోలకు బదులు, వాటితో తీసిన ఫొటోలను పాఠకుల నుంచి ఆహ్వానించి, పేర్లు, ఊరు, సంవత్సరంతో ప్రచురించండి. గుర్తుపట్టినవారు రాసే ఉత్తరాలకూ చోటివ్వండి. అలాగే, దశాబ్దాలుగా మీ సొంత విలేకరులు తీసిన నెగెటివ్‌లు, డిజిటల్‌కు ముందు కాలానివి, మీ కార్యాలయాల్లో ఏ స్థితిలో ఉన్నాయో ఒకసారి తెరిపించి చూడమని కోరుతున్నాను. మా నాన్నగారి నెగెటివ్‌ల మట్టుకు, విశాఖలోని ఏ ప్రజాసంస్థ అయినా నిర్వాసిత కుటుంబాలకు ఉచితంగా నకళ్లు ఇస్తామనీ, అసలును పారేయబోమనీ లిఖితపూర్వకంగా హామీ ఇస్తే, కవర్లతో సహా అప్పగించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
గాజువాక, విశాఖపట్నం.